చిట్టాలో టిక్కు

గుంటూరు యార్డు. మార్చి మధ్యాహ్నం.
కరెంటు పోయి నాలుగు నిమిషాలకు వచ్చింది.
గాదె ఇన్నమ్మ, ఫిరంగిపురం, తేజ రకం,
నలభై మూడు టిక్కీలు,
బరువు: సున్నా.

ఆ సున్నా నా ప్రోగ్రాముది.

"సున్నా ఏందమ్మా?" అంది ఆవిడ
కొంగుతో ముక్కు తుడుచుకుంటూ.
హమాలీలు అప్పటికే సరుకు లారీకెత్తేశారు.
యూపీఎస్ ఉంది. దాని బ్యాటరీని
పోయినేడే మిరప ఘాటు తినేసింది.

డిస్కు నాతో రాశానంది.
రాయలేదు.
ఇచ్చిన మాటను ఒళ్ళో పెట్టుకుని
తీరిక చూసి దించుదామనుకుంది.
దాని పైనున్న కెర్నెలూ అంతే,
పేజీలన్నీ పోగేసి
ఒక్క విడతలో పంపుదామని కూర్చుంది.
పని త్వరగా తెమలాలనే.
అందరి ఉద్దేశమూ మంచిదే,
ఇన్నమ్మ చేతికే సున్నా వచ్చింది.

కొత్తమాసు సుబ్రాయుడు గారు, షాపు గుమాస్తా,
నా మిషన్ని ఒక్కనాడూ నమ్మని మనిషి,
బల్ల కింద నుంచి చిట్టా తీశాడు.
పెన్సిలు గీతలు, ఎర్రటి వేలిముద్రలు.
"పద్దెనిమిది వందల డెబ్బై ఆరు కిలోలు"
అని చదివి మూసేశాడు.
నా వైపు చూడను కూడా చూడలేదు.

సాయంత్రం టీ ఇప్పించి అడిగాను.
ముందు చిట్టాలో రాస్తాడట,
కాటా పక్కనే, నిలబడి.
ఆ తర్వాతే ఆవర్జాకు ఎక్కిస్తాడు.
ఎక్కించాక చిట్టాలో టిక్కు.
నడుమ షావుకారు పిలిచాడనుకో,
మనవరాలు ఫోన్ చేసిందనుకో,
పొద్దున్నే వచ్చి
టిక్కు లేని వరుసలే వెతుక్కుంటాడు.

"చిట్టాలో రాస్తుండగానే పిలిస్తే?"
"సగం రాసింది రాసినట్టా?
కొట్టేసి మళ్ళీ తూయిస్తా."
"సగమని ఎట్లా తెలుస్తుంది?"
వేలితో అంకె చూపించాడు. దాని పక్కనే
'అక్షరాలా' అని మొదలెట్టి
అదే అంకె, మాటల్లో.
"రెండూ ఒకటైతేనే లెక్క."

అరండల్‌పేట గదిలో ఆ రాత్రి
నాలుగేళ్ళు చదివిన చదువును
ఘాటెక్కిన ఆ చిట్టా చూసి మళ్ళీ రాసుకున్నాను.
ముందు జర్నలు. దాన్ని అడుగంటా దింపు.
దిగిందని డిస్కు చెప్పేదాకా కదలకు.
అప్పుడు పట్టిక. అప్పుడే టిక్కు.

నాగూర్ మీరా పని ప్లగ్గు పీకడం.
"డిగ్రీ చేసింది ఇందుకా అక్కా?" అంటూనే
పీకాడు. పెట్టాడు. పీకాడు.
నోటుబుక్కులో నాలుగు గీతలు, అడ్డంగా ఒకటి.
నూట ఎనభై ఆరు సార్లు బుద్ధిగా లేచింది.
నూట ఎనభై ఏడోసారి
టిక్కు ఉంది,
టిక్కు పెట్టాల్సిన వరుస లేదు.
డిస్కు మమ్మల్ని అడక్కుండా
వెనకది ముందు రాసుకుంది.
మీరా సిక్సు కొట్టినట్టు అరిచాడు.
పక్క గదివాళ్ళు తలుపు కొట్టారు.
నాకు మాత్రం కాళ్ళలో వణుకు:
ఇది ఏ ఇన్నమ్మ దగ్గరో బయటపడేది.

ప్రతి వరుసకూ 'అక్షరాలా' తగిలించాను,
ఉన్న అంకెలన్నీ నలిపి తీసిన ఒక గుర్తు.
అది కలవకపోతే ఆ వరుస పుట్టనే లేదు,
టిక్కు ఉన్నా సరే.
తర్వాత రెండు వేల మూడు వందల సార్లు పీకాం.
ప్లగ్గు పాయింటు రెండుసార్లు మాడింది.

ఏప్రిల్. మళ్ళీ యార్డు, మళ్ళీ తుమ్ములు.
పదకొండున్నరకు కరెంటు పోయింది.
నేను బల్ల అంచు పట్టుకున్నాను.

వచ్చింది.
పాత లాట్లన్నీ ఉన్నాయి, గ్రాములతో సహా.
చివరి దాని దగ్గర మాత్రం
'తెలియదు. మళ్ళీ తూయండి.'
సున్నా ఉండే చోట ఆ మాట పెట్టింది నేనే.

పెదనందిపాడు రైతు ఇంతెత్తున లేచాడు:
"ఇంత మిషను పెట్టుకుని తెలవదంటావేందమ్మా?"
హమాలీలు నన్నో మాటని
దించిన టిక్కీలే మళ్ళీ ఎత్తారు.

సుబ్రాయుడు గారు కళ్ళజోడు పైకి జరిపి
తెర మీది మాట కూడబలుక్కుని చదివాడు.
"తెలియదంటోందా," అన్నాడు,
"అయితే నయమే,"
చెవి మీది పెన్సిలు తీసి
చిట్టా తెరిచాడు.